విరిగిన మంచురేకుకు విలాపం

ఓ మంచురేకా! మబ్బు గర్భాన, కంటికి ఆనని ధూళికణాన్ని అంటిపెట్టుకుని పుట్టిన తెల్లని తల్లీ! ఆవిరి నీరవకుండానే నేరుగా గడ్డకట్టి నీకు మేనయింది. నీటి అణువులు ఆరేసి చొప్పున వలయాలు కట్టాయి గనుకే నీకు ఆరు మూలలు. ఆ మూలలే గాలిలోకి ముందుకు చొచ్చుకొచ్చి తేమను తొలుత తాగాయి, కొమ్మలయ్యాయి, కొమ్మలు రెమ్మలు వేశాయి. మైనస్ 2 డిగ్రీల దగ్గర నువ్వు పలుచని పలకవు. మైనస్ 5 దగ్గర సన్నని సూదివి. మైనస్ 15 దగ్గర ఫెర్న్ ఆకుల సోయగానివి. దారిలో గాలి కాస్త వెచ్చబడినా, చల్లబడినా ఆరు కొమ్మలూ ఒక్కసారే తీరు మార్చుకునేవి. నువ్వు తిరిగిన ఆకాశమంతా నీ ఒంటిమీదే రాసి ఉండేది. అయ్యో, చదివేలోగా కరిగిపోయే రాత!

మూలలు ఆరే ఎందుకని 1611లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. జవాబు మాత్రం అతనికి చిక్కలేదు.

అమెరికాలోని వెర్మాంట్‌లో, జెరికో అనే పల్లెలో, విల్సన్ బెంట్లీ అనే రైతుబిడ్డ నీ మీద మనసుపడ్డాడు. నల్లరంగు పూసిన పలకను మంచువానకు పట్టేవాడు. నచ్చిన రేకును పుల్లతో లేపి, గాజుమీద పెట్టి, పక్షి ఈకతో మెల్లగా అద్దేవాడు. తన ఊపిరే నీ పాలిట మృత్యువని తెలిసి ఊపిరి బిగబట్టేవాడు. 1885 జనవరి 15న, పంతొమ్మిదేళ్ల వయసులో, సూక్ష్మదర్శిని తగిలించిన కెమెరాలో నిన్ను మొదటిసారి నిలిపాడు. జీవితమంతా కలిపి అయిదు వేలకు పైగా చిత్రాలు! 1931లో వాటిలో రెండు వేల నాలుగు వందలకు పైగా పుస్తకమై వచ్చాయి. ఆ డిసెంబరు 23నే అతను న్యుమోనియాతో కన్నుమూశాడు. మంచుతుపానులో నడిచి ఇంటికి చేరాక పట్టిన జబ్బట అది. ఏ చలిని ప్రేమించాడో ఆ చలిలోనే!

అయినా ఆ మహానుభావుడి మీద నాకో అలక ఉంది. ఆల్బమ్‌కెక్కినవన్నీ అందగత్తెలే. నిజానికి మబ్బులోంచి రాలేవాటిలో ఎక్కువ భాగం కొమ్మ విరిగినవి, ఒకదానికొకటి చిక్కుకున్నవి, చలిబిందువులు అంటుకుని గరుకెక్కినవి. ముగ్గులా తీర్చిన రేకు అరుదు. లోకం ఆ అరుదైనదాన్నే మంచు అనుకుని గ్రీటింగ్ కార్డుల మీద అచ్చేసుకుంది. సుడిగాలిలో చెయ్యి పోగొట్టుకున్న నీ కోసం ఎవరేడ్చారు?

జపాన్‌లో, హొక్కైడోలో, నకాయా ఉకిచిరో అనే శాస్త్రవేత్త నీవైపూ చూశాడు. 1936లో శీతల గదిలో, కుందేలు వెంట్రుక కొసన మంచు స్ఫటికాన్ని పెంచినవాడు అతనే. మంచును వర్గాలుగా విడదీసినప్పుడు వంకరవాటికీ, గరుకువాటికీ ఒక్కో గడి కేటాయించాడు. ఎంత ఆలస్యం తల్లీ! అప్పటికే ఎన్ని శీతకాలాలు నిన్ను బూట్ల కింద నలిపి, పారలతో ఎత్తి, బురదతో కలిపి దారి పక్కన కుప్పపోశాయో!