గ్యాసు హీటరు సంరక్షణ: చేతిపుస్తకాల గుణదోషాలు

శీతల దేశాలలోని కర్మాగారాలలో, విమానాలను నిలిపే షెడ్లలో, పెద్ద గిడ్డంగులలో పైకప్పు కింద పొడవైన లోహపు గొట్టాలు వేలాడుతూ ఉంటాయి. గొట్టానికి ఒక చివర బర్నరు ఉంటుంది. అందులో గ్యాసు మండగా పుట్టిన వేడి వాయువులను ఒక పంకా గొట్టం పొడవునా నడిపించి, భవనం బయటికి పంపుతుంది. వేడెక్కిన గొట్టం ఉష్ణ వికిరణాన్ని వెలువరిస్తుంది. పైనున్న లోహపు పరావర్తకం దానిని కిందికి మళ్లిస్తుంది. లోపలి గాలినంతటినీ ముందుగా వేడి చేయనక్కర లేకుండానే మనుషులకు వెచ్చదనం అందుతుంది. దీనినే రేడియంట్ ట్యూబ్ హీటరు అంటారు.

ఇటువంటి యంత్రాలతోపాటు తయారీదారులు సంరక్షణ విధానాన్ని తెలిపే చేతిపుస్తకాలను ఇస్తారు. వాటి గుణాన్ని మొదట చెప్పవలె. వాటిలోని క్రమం స్పష్టమైనది. ఏడాదికొకసారి, చలికాలానికి ముందే, శిక్షణ పొందిన పనివాని చేత పరీక్ష చేయించవలె. పని మొదలుపెట్టకముందే గ్యాసునూ విద్యుత్తునూ ఆపి, గొట్టాన్ని చల్లారనివ్వవలె. బర్నరు, గ్యాసు వెలువడే సన్నని రంధ్రం, పంకా రెక్కలు, గాలి వచ్చే దారి, పొగ పోయే దారి శుభ్రంగా ఉన్నవో లేదో చూడవలె. గొట్టంలో పగుళ్లను, అతుకులలో సందులను వెదకవలె. పరావర్తకం మీది దుమ్ము తుడవవలె. హెచ్చరికలకు కూడా లోటుండదు. అయితే ‘ఎందుకు’ అనే ప్రశ్నకు సమాధానం మాత్రం అరుదు. ఇదే వాటి ప్రధాన దోషం. కారణం తెలియని నియమాన్ని తొందరలో ఉన్న మనిషి సులభంగా వదిలిపెడతాడు.

పరావర్తకాన్ని తుడిచేది అందం కోసం కాదు. మెరిసే లోహం వికిరణాన్ని తిప్పి పంపుతుంది. మసి పట్టిన లోహం దానిని పీల్చుకొంటుంది. గొట్టం ఉష్ణోగ్రత తగ్గడం కూడా చిన్న విషయం కాదు. 1879లో స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుండి గ్రహించి, 1884లో బోల్ట్జ్‌మాన్ సిద్ధాంతరీత్యా రాబట్టిన సూత్రం ప్రకారం, వికిరణం పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. 800 కెల్విన్‌ల వద్ద ఉన్న గొట్టం 720 కెల్విన్‌లకు దిగితే, ఉష్ణోగ్రతలో తగ్గినది పదవ వంతే. వికిరణంలో తగ్గినది మూడవ వంతుకు పైమాట.

గాలిదారి సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఒక ఘనపరిమాణం మీథేను పూర్తిగా మండడానికి రెండు ఘనపరిమాణాల ఆక్సిజన్, అనగా సుమారు పది ఘనపరిమాణాల గాలి కావలె. దారికి అడ్డంగా సాలెగూడు అల్లుకొన్నా, దుమ్ము పేరుకొన్నా, దహనం అసంపూర్ణమై కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు మించిన బలంతో కలుస్తుంది. పొగదారి మూసుకుపోయినా, గొట్టం పగిలినా ఆ విషం మనుషులున్న చోటికే చేరగలదు. మన వంటింటి గ్యాసు పొయ్యిలో మంట పసుపుపచ్చగా మారి, గిన్నె అడుగున మసి పడితే, అక్కడ కూడా గాలి చాలలేదని అనుమానించవలె.

‘గ్యాసు వాసన వస్తే విద్యుత్ స్విచ్చిని తాకరాదు’ అనే నియమం వెనుక ఒక విషాదం ఉన్నది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూలండన్ పాఠశాలలో పేలుడు సంభవించింది. అక్కడివి గొట్టపు హీటర్లు కావు గాని, గదులను వేడి చేసేది సహజవాయువే. లీకైన వాయువు నేల కింద పోగైనది. దానికి వాసన లేదు కనుక ఎవరూ పసిగట్టలేదు. చెక్కపనికి వాడే విద్యుత్ యంత్రం నుండి వచ్చిన నిప్పురవ్వతో అది అంటుకొన్నదని భావించారు. సుమారు మూడు వందల మంది మరణించారు; వారిలో అత్యధికులు విద్యార్థులు. ఆ తరువాత ఆ రాష్ట్రం వాయువుకు వాసనద్రవ్యం కలపాలని చట్టం చేసింది. మన వంటగ్యాసులోని ఘాటైన వాసన కూడా అట్లా కలిపిన మెర్కాప్టాన్‌దే. ఈ కథ తెలిసినవాడు ఆ నియమాన్ని మరువడు.

పాఠ్యపుస్తకాల దోషం దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్నది. వాటిలో మీథేను సమీకరణం ఒక అధ్యాయంలోను, వికిరణం మరొక అధ్యాయంలోను ఉంటాయి. ఆ జ్ఞానంతో ఒక యంత్రాన్ని ఎట్లా కాపాడుకోవలెనో వాటిలో సాధారణంగా కనిపించదు. చేతిపుస్తకంలో కారణం లేని పని, పాఠ్యపుస్తకంలో పనిలేని కారణం.

ఈ రెండింటినీ కలపడం తరగతి గదిలో సాధ్యమే. ఉపాధ్యాయుడు కిటికీలు తెరిపించి, తానే బున్సెన్ బర్నరు గాలిరంధ్రాన్ని క్షణకాలం మూసి, పసుపు మంటలో పింగాణీ మూకుడును ఉంచితే మసి కనబడుతుంది. తరువాత విద్యార్థులు సంరక్షణ నియమాలను ఒక వరుసలోను, వాటి కారణాలను ఎదుటి వరుసలోను రాయవచ్చు. ఏ నియమానికైనా ఎదురుగా ఖాళీ మిగిలితే, లోపం చేతిపుస్తకానిదో, చదివిన పాఠానిదో అక్కడ తేలిపోతుంది.