మెర్క్యురీ దక్కని రేడియోహెడ్

2001 సెప్టెంబర్ 11 రాత్రి లండన్‌లో మెర్క్యురీ బహుమతి ప్రకటించారు. బ్రిటన్, ఐర్లండ్ దేశాల సంగీతంలో ఆ ఏటి ఉత్తమ ఆల్బం అని ఒక్కదాన్ని ఎంచి ఇచ్చే బహుమతి అది. గెలిచిన గాయని పీజే హార్వే ఆ రోజు వాషింగ్టన్‌లో ఉంది. పెంటగాన్ మీద విమాన దాడిని పక్కనే చూసిన ఆ నగరం నుంచి ఫోన్‌లోనే కృతజ్ఞతలు చెప్పింది. ఆ పోటీలో ఓడిన ఆల్బంలలో రేడియోహెడ్ బ్యాండ్ చేసిన ‘అమ్నీసియాక్’ ఒకటి. విశేషమేమిటంటే, హార్వే ఆల్బంలో ఒక పాటను ఆమెతో కలిసి పాడినవాడు రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్. తన బ్యాండ్‌ను ఓడించిన ఆల్బంలో అతని గొంతూ ఉంది.

మెర్క్యురీ తుది జాబితాలోకి ఆ బ్యాండ్ రావడం అది రెండోసారి. 1997లో ‘ఓకే కంప్యూటర్’, 2001లో ‘అమ్నీసియాక్’, 2003లో ‘హెయిల్ టు ద థీఫ్’, 2008లో ‘ఇన్ రెయిన్‌బోస్’, 2016లో ‘ఎ మూన్ షేప్‌డ్ పూల్’. అయిదుసార్లు బరిలో నిలిచి ఒక్కసారీ గెలవలేదు. సొంత దేశపు బ్రిట్ అవార్డుల్లోనూ నామినేషన్లకు కొదవ లేదు, గెలుపు మాత్రం లేదు. అమెరికాలో వేరు. గ్రామీల్లో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బం పురస్కారం 1998, 2001, 2009లలో మూడుసార్లు ఈ బ్యాండ్‌కే వచ్చింది. గెలిచిన ఆ మూడు ఆల్బంలూ అదే ఏడాది అన్నింటికన్నా పెద్దదైన ‘ఆల్బం ఆఫ్ ద ఇయర్’కు కూడా నామినేట్ అయ్యాయి. మూడుసార్లూ అది చేజారింది. మొదటిసారి బాబ్ డిలన్‌కు, రెండోసారి స్టీలీ డాన్‌కు, మూడోసారి రాబర్ట్ ప్లాంట్, ఆలిసన్ క్రౌస్ జంటకు వెళ్లింది.

ఒకే ఆల్బంను ఒక గదిలో గెలిపించి పక్క గదిలో ఓడించడం వెనక కారణం ఉంది. గ్రామీలకు ఓటు వేసేది రికార్డింగ్ అకాడమీ సభ్యులు, అంటే గాయకులు, వాద్యకారులు, రచయితలు, నిర్మాతలు, సౌండ్ ఇంజనీర్లు. పెద్ద పురస్కారాలకు జాజ్ వాళ్లూ, కంట్రీ వాళ్లూ, శాస్త్రీయ సంగీతం వాళ్లూ అందరూ ఓటు వేయవచ్చు. మిగతా విభాగాల్లో ఎవరికి తెలిసిన రంగాల్లో వాళ్లు కొన్నింటికే వేస్తారు. ఒక ఆల్బంను కొందరు ప్రాణంగా ప్రేమించి, కొందరికి అది అసలే మింగుడుపడకపోతే, అందరూ ఓటేసే చోట దానికి కష్టమే. ఆ సంగీతాన్ని రోజూ వినేవాళ్ల ఓట్లు ఎక్కువగా పడే చోట మాత్రం అది గెలుస్తుంది. రేడియోహెడ్ కథ అక్షరాలా ఇదే. అందుకే ఈ బ్యాండ్ విషయంలో ట్రోఫీలు లెక్కపెట్టడం కన్నా, ఏ జాబితా దేన్ని విని పిలిచిందో చూడటం మేలు.

‘ఆల్టర్నేటివ్’ అన్న విభాగం గ్రామీల్లోకి వచ్చింది 1991లో. అంతకుముందు కాలేజీ రేడియోల్లో, చిన్న రికార్డింగ్ కంపెనీల్లో పెరిగిన రాక్ సంగీతానికి అక్కడ ప్రత్యేక స్థానం లేదు. మొదటి ఏడాది గెలిచిన షినేడ్ ఓకానర్ ఆ అవార్డును తీసుకోనే లేదు. తర్వాత ఆర్.ఇ.ఎం., టామ్ వెయిట్స్, యూటూ వంటివాళ్లు అందుకున్నారు. నిర్వాణాకు దక్కింది 1996లో, కర్ట్ కొబెయిన్ చనిపోయి రెండేళ్లు కావస్తుండగా. అవార్డులు ఈ సంగీతం వెనకాలే, కాస్త ఆలస్యంగా నడిచాయని దీన్నిబట్టే తెలుస్తుంది.

రేడియోహెడ్‌లోని అయిదుగురూ ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ బడిలో కలిసినవాళ్లు. థామ్ యార్క్, అన్నదమ్ములు కాలిన్ గ్రీన్‌వుడ్, జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, డ్రమ్మర్ ఫిలిప్ సెల్వే. శుక్రవారాల్లో సాధన చేసేవాళ్లు కాబట్టి మొదట ‘ఆన్ ఎ ఫ్రైడే’ అని పేరు పెట్టుకున్నారు. 1992లో వచ్చిన ‘క్రీప్’ పాట వాళ్లకు పేరు తెచ్చింది. అందులో మెల్లగా సాగుతున్న చరణం పల్లవిలోకి దూకే ముందు జానీ గిటార్ తీగల్ని రెండు మూడుసార్లు పెళుసుగా, గట్టిగా కొడతాడు. పాటను ఎవరో కావాలని గాయపరచినట్టుంటుంది. నెమ్మదిగా మొదలై హఠాత్తుగా విరుచుకుపడే ఆ పద్ధతి 90ల ఆల్టర్నేటివ్ రాక్ అంతటా ఉన్నదే. ఆ ఒక్క పద్ధతితోనే ఆగిపోయి ఉంటే ఈ అయిదుగురి గురించి ఇవాళ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

‘ఓకే కంప్యూటర్’ దగ్గర అంతా మారింది. ఈ ఆల్బంలో ఎక్కువ భాగాన్ని స్టూడియోలో కాక, బాత్ నగరం దగ్గర సెయింట్ కాథరిన్స్ కోర్ట్ అనే పాత రాతి భవంతిలో రికార్డు చేశారు. నిర్మాత నైజెల్ గాడ్రిచ్ ఆ ఇంటినే వాయిద్యంగా వాడాడు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’ పాటలో యార్క్ గొంతును రాతి మెట్ల దగ్గర రికార్డు చేశారు. అక్కడ వినబడే ప్రతిధ్వని ఏ యంత్రం నుంచీ వచ్చింది కాదు, ఆ గోడలది. ‘ఎయిర్‌బ్యాగ్’ పాటకు సెల్వే డ్రమ్స్ వాయించగా, అందులోంచి కొద్ది సెకన్ల ముక్కను తీసుకుని కంప్యూటర్‌లో కత్తిరించి, అతికించి తాళంగా అల్లారు. వాయించింది మనిషే, కానీ నడక మనిషిది కాదు. ఆ పాట మొదటి నిమిషంలోనే చెవికి ఏదో తేడాగా తగిలేది అందుకే.

‘పారనాయిడ్ ఆండ్రాయిడ్’ మరీ సాహసం. ఆరు నిమిషాలు దాటిన ఈ పాటలో మూడు నాలుగు వేర్వేరు భాగాలను కుట్టేశారు. మధ్యలో గిటార్ వరస కొన్నిచోట్ల ఏడు దెబ్బలకు తిరుగుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ‘తకిట తకధిమి’ అని వేలు మడిచి లెక్కపెట్టుకోవచ్చు. అలవాటైన ఎనిమిదికి ఒక దెబ్బ తక్కువగా పడి వినేవాణ్ణి ముందుకు తోసేస్తుంది. రేడియోలకు ఏమాత్రం అనువుకాని ఈ పాటనే ఆల్బం నుంచి మొదటి సింగిల్‌గా విడుదల చేశారు. బ్రిటన్ చార్టులో అది మూడో స్థానానికి ఎక్కింది.

1997లో మెర్క్యురీ న్యాయనిర్ణేతలు బ్రిస్టల్ నుంచి వచ్చిన రోనీ సైజ్ బృందం ‘న్యూ ఫామ్స్’ను ఎన్నుకున్నారు. డ్రమ్ అండ్ బేస్ అనే కొత్త శైలికి గౌరవం ఇచ్చిన ధైర్యమైన నిర్ణయం. అయినా ‘ఓకే కంప్యూటర్’ను దాటగల ఆల్బం కాదది. 2003లో మాత్రం ఇరవై ఏళ్లు కూడా నిండని ర్యాపర్ డిజీ రాస్కల్‌కు ఇవ్వడం సరైన పని. తూర్పు లండన్ కుర్రాళ్ల గ్రైమ్ సంగీతాన్ని దేశమంతా వినేలా చేసింది ఆ నిర్ణయమే. మెర్క్యురీ తరచూ ఇలా కొత్త గొంతు వైపు మొగ్గుతుంది. అప్పటికే స్థిరపడిన బ్యాండ్‌కు అక్కడ గెలవడం కన్నా జాబితాలో పదే పదే కనిపించడమే కష్టమైన పని. దాదాపు ఇరవై ఏళ్ల వ్యవధిలో అయిదుసార్లు పిలుపు రావాలంటే ప్రతిసారీ ఏదో కొత్తది చేయాలి.

ఆ జాబితాలో లేకపోయినా, 2000లో వచ్చిన ‘కిడ్ ఎ’ అలాంటి కొత్తదే. గిటార్‌తో పేరు తెచ్చుకున్నవాళ్లు గిటార్‌ను చాలావరకు పక్కన పెట్టేశారు. 1928లో ఫ్రాన్స్‌లో మార్టెనో అనే ఆయన తయారుచేసిన ‘ఆండ్ మార్టెనో’ అనే తొలినాటి ఎలక్ట్రానిక్ వాద్యాన్ని జానీ గ్రీన్‌వుడ్ నేర్చుకుని వాయించాడు. వేలికి తొడుక్కున్న ఉంగరాన్ని తీగ వెంట జరుపుతుంటే స్వరం గమకంలా జారుతుంది. ఇక ‘ఇడియోటెక్’ పాటకు ఆధారమైన నాలుగు స్వరసముదాయాలు (కార్డులు) పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ స్వరకర్త 1973లో కంప్యూటర్‌పై చేసిన రచన నుంచి తీసుకున్నవి. జానీకి అవి దొరికింది ఒక పాత ఎల్పీ రికార్డులో. ఎలక్ట్రానిక్ సంగీత పోటీలో నెగ్గిన రచనల సంకలనం అది. ఎప్పుడో ఎవరో ఇచ్చిన బహుమతి పాతిక ఏళ్ల తర్వాత మరో దేశంలో పాటై మొలిచింది. సింగిల్స్ ఒక్కటీ విడుదల చేయకపోయినా ఆ ఆల్బం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. 2001లో రెండో గ్రామీ దానిదే.

పాటలకు బయట వచ్చిన అవార్డులు కూడా చూడాలి. ‘అమ్నీసియాక్’ ప్రత్యేక ప్రతిని గ్రంథాలయం పుస్తకంలా గట్టి అట్టతో తయారుచేశారు. 2002లో ఉత్తమ ప్యాకేజీ గ్రామీ దానికి వచ్చింది. అందుకున్నవాళ్లు బ్యాండ్‌కు బొమ్మలు గీసే స్టాన్లీ డాన్‌వుడ్, మారుపేరుతో అతనికి తోడుగా పనిచేసిన యార్క్. ‘హెయిల్ టు ద థీఫ్’తో 2004 గ్రామీల్లో బ్యాండ్ ఓడిపోయింది, కానీ ఆ ధ్వనిని మలిచిన గాడ్రిచ్, డారెల్ థార్ప్‌లకు ఇంజనీరింగ్ గ్రామీ దక్కింది. రాతి మెట్ల దగ్గర మైకు పెట్టిన చెవికి గుర్తింపు రావడానికి ఏడేళ్లు పట్టిందన్నమాట.

2007 అక్టోబర్ 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ను వాళ్లు నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టారు. ధర వినేవాళ్ల ఇష్టం, ఏమీ ఇవ్వకపోయినా సరే. అప్పటికి ఈఎంఐ కంపెనీతో ఒప్పందం ముగిసింది. ప్రపంచమంతా ఆ ధర గురించే మాట్లాడుకుంది కానీ, ఆల్బం నిలబడింది సంగీతం వల్ల. తొలి పాట ‘15 స్టెప్’ అయిదు దెబ్బల నడక, మన ఖండగతి. 2009 గ్రామీ వేదికపై ఈ పాటను యార్క్, జానీలు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కవాతు బ్యాండ్‌తో కలిసి వాయించారు. కవాతుకు అలవాటైనది ఎడమ కుడి అనే రెండడుగుల లెక్క. అలాంటి డప్పులూ బాకాలూ అయిదేసి దెబ్బలతో కదులుతుంటే, మధ్యలో యార్క్ ఒళ్లంతా ఊపేస్తూ పాడాడు. ఆ రాత్రి మూడో ఆల్టర్నేటివ్ గ్రామీ వచ్చింది. ఆ ఆల్బం పెట్టె రూపకల్పనకూ ఇంకొకటి దక్కింది.

‘ఎ మూన్ షేప్‌డ్ పూల్’లో వయొలిన్, చెల్లో వాద్యకారుల చేత కమాను బదులు గిటార్ మీటే బిళ్లలతో తీగలు కొట్టించారు. ‘బర్న్ ద విచ్’ పాటలో ఆ చప్పుడు టకటకమని వెంటాడుతుంది. 2017 గ్రామీల్లో ఆ ఆల్బమూ ఆ పాటా నామినేట్ అయ్యాయి. రెండు చోట్లా గెలిచింది అప్పటికి ఏడాది కిందట కన్నుమూసిన డేవిడ్ బోవీ.

జానీ గ్రీన్‌వుడ్ విడిగా సినిమాల్లోనూ ఇదే అనుభవం చూశాడు. ‘దేర్ విల్ బి బ్లడ్’ చిత్రానికి అతను చేసిన నేపథ్య సంగీతంలో ముందే రాసుకున్న రచన కొంత ఉందని ఆస్కార్ నిబంధనలు దాన్ని పోటీకే రానివ్వలేదు. ఆ తర్వాత ‘ఫాంటమ్ థ్రెడ్’కు, ‘ద పవర్ ఆఫ్ ద డాగ్’కు నామినేషన్లు వచ్చాయి. అతని పనిలో మన దేశంతో ముడిపడినది ‘జునూన్’. 2015లో వచ్చిన ఆ ఆల్బంను జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో స్వరకర్త షాయ్ బెన్ జుర్‌తో, రాజస్థానీ వాద్యకారులతో కలిసి రికార్డు చేశారు. మళ్లీ రాతి గోడలే, మళ్లీ గాడ్రిచే.

పెద్ద గుర్తింపులు ఆలస్యంగా వచ్చాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే జాతీయ రికార్డుల జాబితాలో, 2014 సంవత్సరానికి, ‘ఓకే కంప్యూటర్’ చేరింది. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి బ్యాండ్‌ను ఆహ్వానించినప్పుడు పరిచయ ప్రసంగం చేసింది టాకింగ్ హెడ్స్ గాయకుడు డేవిడ్ బర్న్. ఆ బృందం పాట ఒకదాని నుంచే రేడియోహెడ్ తన పేరు తీసుకుంది. అందుకోవడానికి అయిదుగురిలో ఇద్దరే, ఓబ్రయన్, సెల్వేలు వెళ్లారు.

మెర్క్యురీ పిలిచి పక్కన పెట్టిన అయిదింటిలో ఏది ముందు వినాలని అడిగితే ‘ఇన్ రెయిన్‌బోస్’ వినండి. పది పాటలు, నలభై రెండు నిమిషాలు. పాటలు విడివిడిగా కాకుండా, వరస మార్చకుండా, ఏకబిగిన వినండి. అది బాగుందనిపిస్తే ‘ఓకే కంప్యూటర్’కు వెళ్లండి. ఆ అయిదింటిలో లేని ‘కిడ్ ఎ’ను ఈ రెండింటి తర్వాత పెట్టుకోండి.