విప్పి మళ్ళీ కుట్టే విద్య

తెలుగులో అప్పుడే పుట్టిన పసికందును ‘పొత్తిళ్ళలో బిడ్డ’ అంటారు. అంటే బిడ్డ వయసును రోజుల లెక్కతో కాక, ఒంటికి చుట్టిన గుడ్డతో చెప్పడం ఈ భాషకు అలవాటు. ఇక్కడ పొత్తి అంటే పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ. పుట్టిన బిడ్డకు వెంటనే కొత్తబట్ట తొడగకుండా అమ్మమ్మ పాతచీర చెంగునో, తాతయ్య పంచె ముక్కనో చుట్టడం, ఇరవై ఒకటో రోజున బారసాల నాడు గాని కొత్త జుబ్బా వేయకపోవడం చాలా ఇళ్ళలో ఇప్పటికీ సాగుతున్న ఆచారం. కానుపుకు ముందే బిడ్డ కోసం ఏదీ కుట్టి దాచకూడదన్న నమ్మకం పురిటిలోనే బిడ్డలు పోయే రోజుల్లో పుట్టిన భయం కావచ్చు గాని, పాతగుడ్డను ఎంచుకోవడం వెనక మాత్రం నికరమైన వస్తుజ్ఞానం ఉంది. నేతకు పట్టించిన గంజి పూర్తిగా వదిలి, నూలుపోగు మీది బిరుసు పోయి, తడిని వెంటనే పీల్చుకునే గుణం గుడ్డకు రావాలంటే అది ఏళ్ళ తరబడి ఉతుకులు తినాలి. ఆ పనిని ఇంటి పెద్దల ఒళ్ళే ముందుగా చేసిపెడతాయి.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమూ దాన్ని ఆనుకుని ఉన్న తార్నాకా, పసిబిడ్డలకు బట్టలు కుట్టే, అల్లే ఈ విద్య ఎన్ని దిక్కుల నుంచి వచ్చి కలిసిందో చూడటానికి అనువైన చోటు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం సిద్ధమైంది. ఇప్పటి రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీకి మూలమైన ప్రయోగశాలకు 1944లో పునాది పడింది. జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ఇప్పటి ఇఫ్లూకు పూర్వరూపమైన ఆంగ్ల భాషా సంస్థ కూడా అదే ఏడు పుట్టింది. వీటి క్వార్టర్లలోకి బెంగాలీ, పంజాబీ, మలయాళీ, తమిళ కుటుంబాలు వచ్చి చేరగా, లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు అంతకు ముందు నుంచే ఉండేవి. అందువల్ల ఈ చుట్టుపక్కల ఒక చంటిబిడ్డ బట్టల పెట్టె తెరిస్తే తెలుగు పొత్తిగుడ్డ పక్కన ఉత్తరాది స్వెట్టరు, బెంగాలీ కాంథా బొంత, నర్సాపురం లేసు అంచు కలిసి కనిపించడం వింత కాదు.

అయితే ఈ పెట్టెలోని బట్టలన్నిటికీ ఉమ్మడిగా ఒక లక్షణం ఉంది, ఈ విద్య విలువంతా దానిలోనే ఉంది: అవి విప్పడానికి వీలుగా కుట్టినవి, అల్లినవి. అలా ఎందుకు ఉండాలో బిడ్డ ఎదుగుదల చెబుతుంది. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండే బిడ్డ ఏడాది నిండేసరికి 75 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. బరువు అయిదు నెలలకు రెట్టింపై, ఏడాదికి మూడింతలవుతుంది. సుమారు 34 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత అదే ఏడాదిలో 46 సెంటీమీటర్లకు చేరుతుంది. మనిషి జీవితంలో మరే ఏడాదిలోనూ ఒళ్ళు ఇంత వేగంగా మారదు. ఇంత త్వరగా మారే ఒంటికి మారని బట్ట కుట్టడం అంటే పది వారాల్లో పనికిరాని వస్తువును తయారు చేయడమే.

జుబ్బా విషయమే చూస్తే, హైదరాబాదులో జబ్లా అని కూడా పిలిచే ఈ చిన్న అంగీని కత్తిరించే పద్ధతిలోనే పసిఒంటి శాస్త్రం దాగి ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఛాతీ కంటే తల కాస్త పెద్దది, మెడ ఇంకా నిలవదు. కాబట్టి తల మీదుగా తొడిగే బట్ట బిడ్డకూ తల్లికీ ఇద్దరికీ కష్టమే. అందుకే మొదటి జుబ్బాను ముందు వైపు పూర్తిగా తెరిచి, గుండీలకు బదులు అదే గుడ్డతో చేసిన సన్నని నాడాలతో ఛాతీ పక్కన ముడివేసేలా కుడతారు. ఛాతీ 32 సెంటీమీటర్లుంటే దానికి మరో పది వదులు కలిపి, గుడ్డను నాలుగు మడతలు చేసి, మడతకు పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా కత్తిరిస్తారు. భుజమూ చేయీ ఒకే ముక్కలో రావడం వల్ల భుజం మీద ఒత్తుకునే కుట్టే ఉండదు. చంక కింద చిన్న చదరపు ముక్కను మూలవాటంగా అతికితే బిడ్డ చేయి పైకెత్తినా బట్ట పైకి లాగదు. కుట్టు మడతలు చర్మానికి తగలకుండా వాటిని బయటి వైపుకే ఉంచడం ఈ పనిలో మొదటి పాఠం. తిరగవేసి తొడిగారని తెలియనివారు పొరబడేది ఈ జుబ్బాలను చూసే.

ఎదుగుదలకు దారి వదలడం తరవాతి పాఠం. అడుగు అంచును ఒక సెంటీమీటరు కాక అయిదు సెంటీమీటర్లు లోపలికి మడిచి కుడతారు. గౌను అయితే అంచుకు పైన అడ్డంగా రెండు మూడు మడతలు వేస్తారు. సెంటీమీటరు లోతున్న ఒక్కో మడత రెండు సెంటీమీటర్ల గుడ్డను దాచుకుంటుంది కనుక, మూడు మడతలు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతే గౌను ఆరు సెంటీమీటర్లు పొడవవుతుంది. చూసేవారికి అది అలంకారం, కుట్టినవారికి అది దాచిపెట్టిన గుడ్డ. పక్క కుట్ల దగ్గరా అంతే, రెండేసి సెంటీమీటర్ల గుడ్డను లోపల వదులుతారు. భుజాలు, మెడ వంటి మారని చోట్లను మిషను మీద గట్టిగా కుట్టి, తరవాత విప్పవలసిన పక్కలను మాత్రం చేత్తో, సూదిని ముందుకు మాత్రమే పోనిస్తూ కుట్టడం నేర్పరుల పద్ధతి. ఎందుకంటే మిషను కుట్టులో పైదారమూ బాబిన్ దారమూ ఒకదానినొకటి మెలేసుకుని ఉంటాయి గనుక నాలుగైదు కుట్లకోసారి బ్లేడుతో తెంపితే గాని విడిపోవు. చేతికుట్టు మాత్రం ఒక కొసన ముడి కోసి రెండో కొస నుంచి లాగితే చాలు, గుడ్డకు గాయం కాకుండా వచ్చేస్తుంది. యంత్రాలను అంతగా శంకించిన గాంధీజీ 1924లో సింగర్ కుట్టుమిషనును మాత్రం ప్రత్యేకంగా మినహాయించి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు న్యాయమైనదే, కానీ మిషను ఉన్న ఇంట్లో కూడా చేతికుట్టు ఎందుకు బతికిందో ఈ విప్పే అవసరమే చెబుతుంది.

దుకాణంలో దొరికే రెడీమేడ్ బట్టలో ఇలా విప్పుకునే దారి మూసుకుపోయి ఉంటుంది. ఓవర్‌లాక్ మిషను కుడుతూనే అంచును కత్తిరించివేసి, అర సెంటీమీటరు చొప్పున మాత్రమే గుడ్డను మిగులుస్తుంది. వేల బట్టలు కుట్టే కార్ఖానాకు అది ఆదా, ఒక్క బిడ్డను పెంచే తల్లికి అది నష్టం.

ఉన్ని సంగతి వేరు. తెలంగాణకు ఉన్ని కొత్త కాదు. కురుమలు దక్కను గొర్రెల నల్ల ఉన్నిని వడికి, చింతగింజల అంబలి పట్టించి గుంటమగ్గం మీద నేసే గొంగడి వానకూ చలికీ కాపరికి ఇల్లంతటిది. కానీ ఆ ఉన్ని ముతకది, పసిచర్మానికి తగనిది. రెండు సూదులతో మెత్తని ఉన్నిని అల్లే పని ఇక్కడికి బయటి నుంచి, కంటోన్మెంటు, మిషనరీ పాఠశాలలు, రైల్వే కాలనీలు, ఉత్తరాది కుటుంబాల ద్వారా వచ్చింది. ఊలు ఉండల కోసం ఇప్పటికీ సికింద్రాబాదు జనరల్ బజారుకే వెళ్ళడం అలవాటు. సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్ళో మే నెల పగళ్ళు నలభై డిగ్రీలు దాటినా, డిసెంబరు, జనవరి రాత్రులు పదిహేనుకు దిగువకు పోతాయి. పసిబిడ్డ ఒంట్లో తల వాటా పెద్దది కనుక ఆ రాత్రుల్లో వేడి ఎక్కువగా పోయేది తల నుంచే. అందుకే తార్నాకలో స్వెట్టరు రెండు నెలల వస్తువైతే టోపీ, పాత తెలుగులో చెప్పాలంటే కుల్లాయి, అంతకంటే ఎక్కువ కాలం పనికివస్తుంది.

అల్లికకు మూలం రెండే కదలికలు, వీటిని నగరంలో చాలామంది సీదా, ఉల్టా అంటారు. దారాన్ని వెనక ఉంచి మెలికను ముందుకు లాగితే సీదా, దారాన్ని ముందుంచి మెలికను వెనక్కి తోస్తే ఉల్టా. అన్ని వరసలూ సీదాగానే అల్లితే రెండు వైపులా గట్లు గట్లుగా ఉండి, అంచులు చుట్టుకోని, నిలువునా బాగా సాగే అల్లిక వస్తుంది. రెండు సీదా, రెండు ఉల్టా చొప్పున అల్లితే అడ్డంగా సాగి మళ్ళీ ముడుచుకునే పట్టీ వస్తుంది, మణికట్టుకూ నడుముకూ టోపీ అంచుకూ వాడేది అదే. మన దగ్గర సూదుల అంకె పెరిగేకొద్దీ లావు తగ్గుతుంది. పదో నంబరు సూది 3.25 మిల్లీమీటర్లు, పన్నెండోది 2.75. సన్నని నాలుగు పోగుల ఊలును పదో నంబరు మీద అల్లితే పది సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 28 మెలికలు పడతాయి. 34 సెంటీమీటర్ల తలకు బిగువు కోసం రెండు తగ్గించి 32 అనుకుంటే, 28ని 3.2తో హెచ్చవేయగా దాదాపు 90 మెలికలు ఎక్కించాలని తేలుతుంది. చేయి బిగువు మనిషికో తీరుగా ఉంటుంది కాబట్టి ముందు అరచేయంత ముక్క అల్లి కొలుచుకున్నాకే పని మొదలుపెట్టాలి. ఆ ముక్కను వృథా శ్రమ అనుకుని వదిలేసేవారే సగం టోపీ విప్పుకోవలసి వస్తుంది.

క్రోషా ఒకే కొక్కెంతో చేసే అల్లిక. ఇందులో ప్రతి మెలికా అప్పటికప్పుడే మూసుకుపోతుంది కనుక ఒకటి జారితే వరసంతా జారే భయం లేదు. టోపీ నడినెత్తి నుంచి మొదలవుతుంది: చిన్న రింగులో ఆరు కుట్లు వేసి, ప్రతి చుట్టుకూ ఆరేసి పెంచుతూ 12, 18, 24గా పోతే బల్లపరుపు బిళ్ళ వస్తుంది, చుట్టుకొలతను 3.14తో భాగిస్తే ఆ బిళ్ళ ఎంత వెడల్పుండాలో తెలుస్తుంది, 34 సెంటీమీటర్ల తలకు అది 11కు కొంచెం తక్కువ. అక్కడ పెంచడం ఆపగానే అల్లిక తనంతట తాను కిందికి వంగి గిన్నె ఆకారం తీసుకుంటుంది. మిషనరీల ద్వారా పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి తీరానికి వచ్చి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నర్సాపురం లేసు కూడా ఈ క్రోషాయే. దాన్ని అల్లే స్త్రీల శ్రమను ప్రపంచ మార్కెట్టు తీరిక వేళల కాలక్షేపంగా లెక్కగట్టి ఎంత తక్కువ కూలి ఇచ్చిందో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన పుస్తకంలో వివరించింది. బిడ్డకు అల్లే తల్లి పనిని కూడా ‘ఖాళీగా ఉండి ఏదో చేస్తోంది’ అనే ఇళ్ళు ఉన్నాయి. లెక్క, కొలత, ముందుచూపు ఇంతగా ఉన్న పనికి అంతకంటే అన్యాయమైన పేరు లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో స్థాపించగా తరవాత ఉస్మానియా పక్కనే వేళ్ళూనుకున్న ఆంధ్ర మహిళా సభ కుట్టుపనిని చదువుతో పాటు నేర్పించడం ఆ అన్యాయానికి సరైన జవాబు.

నేర్పు ఎంత ఉన్నా చంటిబిడ్డ బట్టలో కొన్ని కూడవు. పెద్ద రంధ్రాల లేసు చేతితొడుగుల్లో, లోపల వదిలేసిన దారం కొసల్లో వేలు చిక్కుకుంటే రక్తప్రసారం ఆగిపోవచ్చు. మెడ దగ్గర పొడవాటి రిబ్బన్లు, నోటికందే గుండీలు ప్రమాదం. కాళ్ళను చాపి బిగుతుగా చుట్టడం తుంటి కీలుకు హాని చేస్తుంది, పొత్తిళ్ళలో కాళ్ళు కప్పలా ముడుచుకునేంత చోటు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది నిలవ చేసే తీరు. పెద్దబిడ్డ బట్టలను చిన్నబిడ్డ కోసం ట్రంకుపెట్టెలో దాచేటప్పుడు కలరా ఉండలు వేయకూడదు; వాటిలోని నాఫ్తలీన్ ఆవిరి, జి6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో ఎర్రరక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది, ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్ళలో ముందుగా తెలియదు. ఎండిన వేపాకు పరిచి, ఏటా రెండుసార్లు ఎండలో ఆరేసే పాతపద్ధతే ఇక్కడ క్షేమం.

పెట్టెలో ఇక మిగిలింది బొంత. పాతచీరలను పొరలుగా పరిచి, మూలలు జరగకుండా బరువులు పెట్టి, అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ వస్తే పొరలు ముడతపడవు. పెద్దల బొంతకు అయిదారు పొరలు వేసినా, రబ్బరు షీటు మీద పరిచే బిడ్డ బొంతకు మూడింటికి మించవు, ఎందుకంటే రోజూ ఉతికే గుడ్డ ఒక్క మధ్యాహ్నపు ఎండలో ఆరిపోవాలి. ఉత్తర కర్ణాటకలో దీన్నే కౌది అంటారు, బీహారులో పసిబిడ్డల కోసం పాతచీరలతో కుట్టే సుజనీ దీనికి దగ్గరి చుట్టం. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో సబ్బులతో పాటు బిడ్డ బట్టలు, దోమతెర పరుపు చేర్చడం పేద తల్లులకు నిజమైన ఆసరా అయింది. అయినా ఆ పరుపు మీద ఇంటి బొంత ఒకటి పడుతూనే ఉండేది.

బాలింత కళ్ళకు శ్రమ కూడదని పుట్టింట్లో సూది ముట్టనివ్వరు కనుక మొదటి నెలల్లో కుట్టేది ఎక్కువగా అమ్మమ్మే. తల్లి తన వంతుగా అల్లిక అందుకునేది పరిశోధనకో ఉద్యోగానికో తిరిగి వెళ్ళాకే. కుట్టుమిషను చప్పుడుకు బిడ్డ లేస్తుంది గాని అల్లిక సూదులకు లేవదు, వరస చివర ఎప్పుడైనా ఆపి లేవవచ్చు. ఆ స్వెట్టరు రెండో చలికాలానికి పొట్టిదైతే దాన్ని విప్పుతారు. ముందు పక్కలు, చేతులు కలిపిన కుట్లు తెంచి ముక్కలు విడదీసి, ఒక్కో ముక్కనూ అల్లిక ముగిసిన కొస నుంచి లాగుతారు. వంకరలు తిరిగిన ఊలును కుర్చీ వీపుకు చుట్టి లచ్ఛాగా చేసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, అడుగున చిన్న బరువు కట్టి నీడలో వేలాడదీస్తే మళ్ళీ తిన్నగా అవుతుంది. ఒక బిడ్డ స్వెట్టరు ఊలు రెండేళ్ళ ఒంటికి చాలదు కనుక మరో రంగు కలిపి చారలుగా అల్లుతారు. అలా విప్పేవారు తామే కావచ్చు, ఆడపడుచో తోడికోడలో కావచ్చునని తెలిసినవారు ముగింపు ముడిని మరీ బిగించకుండా, ప్రతి ముక్కలోనూ ఎడమవైపు లోపలి అంచునే వేసి, దారం కొసను రెండంగుళాలు వదిలి కుట్టు వెంట దాచి ఉంచుతారు.