సహపాఠుల వంతు

డిగ్రీ ముగించి రెండేండ్లుగా ఉద్యోగపు పరీక్షలకు దరఖాస్తులు పెట్టుచున్న కూతురినో, ఇంటరు గట్టెక్కిన కొడుకునో వెంటబెట్టుకొని జంగ్లీఘాట్‌లోని మా యింటికి వచ్చు తలిదండ్రులు ఈ నడుమ తఱచుగా నన్నడుగుచున్న ప్రశ్న యొక్కటే: ఆఱు నెలలలో ప్రోగ్రామింగు నేర్పి సాఫ్టువేరు కొలువునకు సిద్ధము చేయుదుమని ఫోనులలో ప్రకటించుకొనుచున్న యీ కోడింగ్ బూట్‌క్యాంపులలో పిల్లలను చేర్పింపవచ్చునా, చేర్పించినచో ఆ సొమ్మునకు ఫలము దక్కునా యని. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములనుండి ఓడ యెక్కి వచ్చి చేపల వేటలోనో, తాపీపనిలోనో, చిల్లర వర్తకములోనో స్థిరపడిన కుటుంబములవారు. 2011 జనాభా లెక్కలలో ఈ అండమాన్ నికోబార్ దీవులవాసులలో తెలుగును మాతృభాషగా చెప్పుకొనినవారు నూటికి పదమూడుగురికి పైగా నున్నారు. సర్కారు నౌకరీ తప్ప చదువుకొన్నవారికి మఱొక దారి స్పష్టముగా కనబడని యీ గడ్డమీద, కడలి దాటకయే జీవిక సంపాదించిపెట్టగల విద్య యొకటి కలదన్న మాట వారి కెంత యాశ గొల్పునో నేనెఱుగుదును గనుక, ఆ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పి పంపుటకు నాకు మనసొప్పదు.

ఈ విద్యాపద్ధతికి బూట్‌క్యాంపు అను పేరు 2012లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున డెవ్ బూట్‌క్యాంప్ అను సంస్థతో ప్రచారములోనికి వచ్చినది. నాలుగేండ్ల పట్టాచదువును ప్రక్కనబెట్టి, కొలది వారములపాటు శిష్యులను ఒక్క పనిమీదనే యేకాగ్రముగా కూర్చుండబెట్టి, తిన్నగా కొలువులోనికి పంపుట దాని సంకల్పము. అది అమెరికాకు క్రొత్త కావచ్చునుగాని తెలుగునాటికి క్రొత్త గాదు; ఏలయన, అంతకు ఎన్నో యేండ్లకు పూర్వమే హైదరాబాదులో అమీర్‌పేట వెలసియున్నది. మైత్రీవనము మొదలుకొని సత్యం థియేటరు వఱకును గల ఆ కొలది దూరములో, బోర్డుల మాటున గోడలు కనబడని భవనములలో, తెల్లవాఱుచుండగనే మొదలగు బ్యాచీలలో, డెమో క్లాసు ఉచితముగా విని, ఫ్యాకల్టీ చెప్పు తీరు నచ్చినచో ఫీజు కట్టి, ఒకరి మోచేయి మఱొకరికి తగులుచుండ ఇఱుకుగదులలో కూర్చుండి, తెలుగులో వివరణమును ఇంగ్లీషులో ఆజ్ఞలను కలగలుపుగా ఆకళించుకొని, రన్నింగ్ నోట్సును జిరాక్సు దుకాణములో కొనుక్కొని, కడపనుండియు కరీంనగరమునుండియు పలాసనుండియు వచ్చిన బీదయింటి పిల్లలు సముద్రములు దాటి పోయిరి. ఆ వీథిని తేలికగా మాటలాడువారిని నేను వినియున్నాను. ఆ మాట నాకు నచ్చదు. ఇంగ్లీషు నోట పలుకని పల్లెటూరి బిడ్డకు, ఏ గొప్ప కళాశాలయు తలుపు తీయని కాలమున, తన భాషలో విషయమును విప్పి చెప్పిన చోటది.

నేనును తొంబదుల చివర ఇక్కడి హాడో రేవులో ఓడ యెక్కి, విశాఖలో దిగి, గోదావరి ఎక్స్‌ప్రెస్సులో హైదరాబాదు చేరి, ఆ గుంపులో నొకడనైతిని. నాడు కోబాల్ నేర్చినవారికి గిరాకి యెక్కువ. 1959లో రూపుదిద్దుకొనిన ఆ భాషలో వ్రాయబడిన ప్రోగ్రాములు అమెరికాలోని బ్యాంకులలోను బీమా సంస్థలలోను అప్పటికిని నడచుచుండెను. కంప్యూటరు మెమరీని పొదుపు చేయుటకై వానిలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండుటచేత, 2000 వచ్చినంతనే యంత్రము దానిని 1900గా భ్రమపడునను భీతితో, ఆ పాత పంక్తులన్నిటిని తిరిగి చదివి సరిదిద్దువారికై అంతటను వెదకులాట సాగెను. క్లాసు గంటయో గంటన్నరయో జరిగెడిది. బోధకుడు దిట్ట, సందేహము లేదు. కాని నేను నేర్చుకొనినదానిలో నా కిప్పటికిని నిలిచియున్న భాగము హాస్టలు గదిలో నేర్చినది. రాత్రి భోజనమైన పిమ్మట, ఒకే కాగితముపై నలుగురము వంగి, ఒకడు వ్రాసిన ప్రోగ్రామును మఱొకడు తానే యంత్రమైనట్లు పంక్తివెంట పంక్తి చదువుచు, ఏ విలువ ఎచ్చట మాఱినదో అంచులో గుర్తించుచు పోవుచుండగా, వ్రాసినవానికి గోచరింపని దోషము చదువువానికి ఠక్కున దొరకుచుండెను.

విద్యను నాలుగు పాళ్లుగా విభజించి, ఒక పాలు గురువువలన, ఒక పాలు స్వబుద్ధివలన, ఒక పాలు తోడిశిష్యులవలన, కడపటి పాలు కాలక్రమముచేతను లభించునని మన పెద్దలు చెప్పిరి. వేదాధ్యయనమును గూర్చి పుట్టిన యీ విభాగము కంప్యూటరు విద్యకు ఇంత సరిగా నప్పుట నాకు ఆశ్చర్యము గొల్పును. నేటి బూట్‌క్యాంపులు మనకు అమ్ముచున్నది మొదటి పాలు. రెండవది ఎవ్వరును అమ్మలేరు. మూడవదానిని గూర్చియే, ద్వీపవాసుల పక్షమున, నేను ముఖ్యముగా చెప్పదలచితిని.

మొదటి పాలు ఈ దీవులకు చేరిన వృత్తాంతము సామాన్యమైనది గాదు. కొన్నేండ్ల క్రిందటివఱకు ఇక్కడి ఇంటర్నెట్టు అంతయు ఉపగ్రహములపైననే ఆధారపడియుండెను. భూమధ్యరేఖకు మీదుగా సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచినట్లుండు ఉపగ్రహమునకు మనమడిగిన మాట ఎక్కి దిగవలెను, వచ్చు బదులు మరల ఎక్కి దిగవలెను. కాంతివేగముతో నడచినను అందులకు అరసెకను పట్టును. ఆ ఆలస్యము నైనను సహింపవచ్చును. ఆ సన్నని మార్గమును దీవులవారందఱును పంచుకొనవలసివచ్చుటయే దుర్భరము. ఒక వీడియో పాఠము తెఱపై కదలుటకు ముందు వలయము తిరుగుచునే యుండెను. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రాంతర ఫైబరు కేబులు, సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, 1,224 కోట్ల రూపాయల వ్యయముతో, బంగాళాఖాతపు అడుగున పఱచబడి, నేడు శ్రీ విజయపురమను పేరు దాల్చిన పోర్ట్ బ్లెయిరునే గాక హావ్‌లాక్, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లను గూడ కలిపినది. ఏ సముద్రము దాటుటకు ఓడలో నాకు దినములు పట్టెనో ఆ సముద్రమునే గాజుపోగులోని వెలుగు నేడు రెప్పపాటులో దాటి, బోధకుని కంఠమును మా పిల్లల చెవిని చేర్చుచున్నది. కేబులు వేయించిన బి.ఎస్.ఎన్.ఎల్. సిబ్బందికి నేను మనసార నమస్కరింతును.

మా మేనకోడలు ఇట్టి యొక ఆన్‌లైన్ బూట్‌క్యాంపులో చేరినది. బి.కాం. చదివినది, చేరుటకు ముందు ప్రోగ్రామింగు ఎఱుగదు. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్టు, పైథాన్, ఎస్.క్యు.ఎల్., గిట్ అను వరుసలో పాఠములు సాగినవి. చెప్పినవారు శ్రద్ధగానే చెప్పిరి. ప్రత్యక్షపాఠము రాత్రి తొమ్మిదింటికి. దేశమంతటికి గడియారమొక్కటే గాని సూర్యుడట్లు కాడు. డిసెంబరులో సాయంత్రము అయిదింటికే చీకటిపడు మా దీవులలో రాత్రి తొమ్మిదన్నచో ఊరు సద్దుమణిగిన వేళ. ఆ వేళ ఇంట అందఱు నిద్రించుచుండగా చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, తెఱపై వందలకొలది పేర్లలో తానొక పేరై ఆ పిల్ల కూర్చుండెడిది. సందేహము కలిగినచో చాటులో వ్రాయవలెను. మెంటరు బదులు మఱునాటికి వచ్చును. అంతలో ఎఱ్ఱని అక్షరములలో తెఱపై నిలిచిన దోషసందేశము ఆమె కన్నులలో నీరు నింపును. పైథాన్ చూపు ఆ పొడవైన సందేశములో చివరి పంక్తిని మొదట చదువవలెననియు, దోషమేమో అచ్చట తేలిన తరువాత అది ఏ పంక్తిలో పుట్టెనో పైకి వెదకవలెననియు ప్రక్కన కూర్చున్నవాడొకడు వ్రేలు పెట్టి చూపినచో అరనిమిషములో తీఱు చిక్కు, ఒంటరిగా నున్నవానిని రెండు రాత్రులు బాధించును. పాఠము దిగులు పుట్టింపలేదు, ఒంటరితనము పుట్టించినది. సగములో మానివేసిన మా పేటపిల్లలు తెలివి చాలక మానిరని నేనెన్నడును నమ్మలేదు.

ప్రాజెక్టు చేయవలసిన సమయము వచ్చినది. చేయవలసిన పనుల జాబితా, వాతావరణము చూపు పేజీ అనునవి ప్రతి బూట్‌క్యాంపు శిష్యుడును చేయునట్టివి. ఇంటర్వ్యూ చేయువారు వానిని చూచి చూచి విసిగియుందురు. మీ నాన్న పడవ లెక్క వ్రాయుమని నేనంటిని. వేటనుండి తెచ్చిన సూర, వంజరము అమ్మగా వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను పడవకు, ఇంజనుకు, వలకు, ఎక్కిన మనుష్యులకు వాటాలు వేయుట ఆ లెక్క. ఆమె దానిని పైథానులో వ్రాసినది. ఎఱ్ఱ అక్షరము లొక్కటియు రాలేదు. అంకెలు చక్కగా వరుసలుదీఱినవి. అట్లయ్యును లెక్క తప్పు. ఆ తప్పును పట్టినవాడు ప్రక్కింటి కుఱ్ఱవాడు. వాడును మఱొకచోట ఇదే విద్య నేర్చుచున్నవాడే. తెఱవంక చూచి, "అక్కా, డీజిలూ అయిసూ ముందు తియ్యాలి గదా. పడవోడి మీద కూడా పడాల కర్సు. నువ్వు కళాసీల మీదే ఏసీసినావు" అన్నాడు. మొత్తము సొమ్మును మొదట వాటాలు వేసి, పిమ్మట ఖర్చులను మనుష్యుల వాటానుండియే తీయునట్లు ఆమె రెండు పంక్తులను ముందువెనుకలుగా వ్రాసియుండెను. యంత్రమునకు అందు దోషము కనబడదు. వ్యాకరణము సరిపోయినచో అది మిన్నకుండును. దోషము కనబడినది తండ్రితోగూడి తెల్లవాఱుజామున ఒడ్డున వాటాలు పంచుకొనుట చూచి పెరిగిన కుఱ్ఱవానికి. కళాసీ యింటికి చేరవలసిన కూలి తగ్గిపోవునట్టి తప్పిది. క్షణములో కోడు వ్రాసియిచ్చు కృత్రిమ మేధ వచ్చిన యీ దినములలో, ఆ పంక్తులను అది యింకను వేగముగా, ఇంకను చక్కగా వ్రాసిపెట్టును; ఏ క్రమములో తీసివేయవలెనో చెప్పవలసినవాడు మాత్రము పడవ లెక్క తెలిసిన మనుష్యుడే.

ఆ నాటినుండి వారిద్దఱు కలిసి చదువుట మొదలుపెట్టిరి. తరువాత మఱికొందఱు చేరిరి. మెంటరునకు చాటులో ప్రశ్న వ్రాయవలసిన యవసరము వారికి బాగుగా తగ్గినది.

ఇక కాలమను నాలుగవ పాలు. దానిని కుదించి యిత్తుమనుటయే ఈ వ్యాపారమునకు మూలధనము. లూపులు, ఫంక్షనులు, ఎస్.క్యు.ఎల్.లో జాయినులు, గిట్‌లో కమిట్ చేయు క్రమము: ఇవి నిజముగానే కొలది నెలలలో వశమగును, ఆ మేరకు వారి మాట సత్యము. పరుల కోడును చదివి దాని యుద్దేశమును గ్రహించుట, క్రొత్తది వ్రాయుటకు ముందు పాతదానిలో నేది కదపరాదో తెలియుట, ఇవి కొలువులో కొన్నేండ్లు గడచిన గాని రావు. ఈ తేడాను దాచి కొలువును పూచీగా చెప్పినచోట మోసము ప్రవేశించును. అమెరికాలో లాంబ్డా స్కూల్ అను పేరుతో మొదలై బ్లూమ్‌టెక్ అయిన సంస్థ, కొలువు వచ్చిన పిమ్మట జీతములో వంతుగా ఫీజు చెల్లింపుడనుచు, నిజమునకు అది అప్పేయన్న సంగతిని మఱుగుపఱచి, కొలువులు దొరకిన వారి సంఖ్యను పెంచి చెప్పినదని అచ్చటి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024లో నిర్ణయించి, అప్పులిచ్చు వ్యాపారమునుండి దానిని శాశ్వతముగా నిషేధించినది. మార్గదర్శకమైన డెవ్ బూట్‌క్యాంప్ 2017లోనే మూతపడినది. మన అమీర్‌పేటలోను, లేని యనుభవమునకు ధ్రువపత్రములు పుట్టించి అమ్మినవారు కలరు. వానితో కొలువున చేరి పట్టుబడిన పిల్లల బ్రతుకులు నాకు తెలియును. కావున తలిదండ్రులారా, కాగితముపై సంతకము చేయుటకు ముందు అది ఫీజా, మీ పేర నెలనెలా వాయిదా కట్టవలసిన ఋణమా, చదువు సగములో మానినచో నేమగునో అడిగి వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. కొలువుల లెక్క చెప్పినచో, చేరినవారందఱిలో నంతమందియా, కడవఱకు నిలిచినవారిలో నంతమందియా యని అడుగుడు.

2000 జనవరి గడచినంతనే కోబాల్ పని తగ్గిపోయినది. మఱుసటి యేట అమెరికాలో సాఫ్టువేరు వ్యాపారమే క్రుంగినది. మా హాస్టలు గదిలోని మిత్రులు నాడు చెదరిపోలేదు. జావా తెలిసినవాడు తెలియనివానికి చెప్పెను. ముందుగా కొలువు దొరకినవాడు ఇతరుల మెస్సు బాకీ తీర్చెను. నేను తండ్రి యనారోగ్యమువలన దీవులకు తిరిగివచ్చి ఇక్కడనే పని వెదకికొంటిని. ఐనను ఏ చిక్కు వచ్చినను రాత్రివేళ ఫోనులో పలుకువారు నాకు నేటికిని కలరు.

కాబట్టి పిల్లలను బూట్‌క్యాంపులో చేర్పింపుడని చెప్పుటకు నేను వెనుదీయను, ఒక్కరినే చేర్పింపవలదందును. రంగత్‌లో నున్నను, హట్ బేలో నున్నను, అదే విద్య నేర్చు మఱొక యిద్దఱను వెదకి, వారమున కొకసారియైన ఒక గదిలో కూర్చుండుటకు తగిన యేర్పాటు చేసిన పిమ్మటనే ఫీజు కట్టుడు. ఫైబరు కేబులు మీద కోట్లు వెచ్చించిన ప్రభుత్వము, పాఠశాలలలో సెలవునాడు తాళము పడియుండు గదులను ఇందులకు తెఱచినచో దాని కగు వ్యయము స్వల్పము. ఈ మాటను అధికారులకు నేను విన్నవించుకొనుచున్నాను, మరల మరల విన్నవింతును.

అంతవఱకు మా మేడమీది గది కలదు. మా కరెంటు అధికభాగము డీజిలు యంత్రములమీద నడచునది గనుక ఎప్పుడు పోవునో చెప్పలేము. అందుచే ఒక ఇన్వర్టరు పెట్టించితిని. కుర్చీలు చాలవు, చాపలు కలవు. ఆదివారము ఉదయము పది గంటలకు తలుపు తీయుదుము. ఏ సంస్థలో చదువుచున్నను, ఏ సంస్థలోను చదువకున్నను రావచ్చును. వచ్చువారు ల్యాప్‌టాపుతోబాటు తమ యింటి వృత్తిలోని లెక్క నొకదానిని, దుకాణపు ఖాతాయో, తాపీమేస్త్రి కూలిపట్టీయో, కాగితముమీద వ్రాసి తెచ్చుకొనవలెను.