ప్రైమర్ కుదిరే లోతు

తూటాలో మొదట మండేది తుపాకిమందు కాదు, దాని అడుగున కూర్చున్న కందిబద్దంత ప్రైమర్. దాన్ని తూటా గుల్లలో సరిగ్గా కూర్చోబెట్టడం ఎంత నాజూకైన పనో తెలియాలంటే అమెరికాలోని బెంచ్‌రెస్ట్ షూటర్ల చేతులు చూడాలి. బల్లమీద ఆనించిన రైఫిల్‌తో, 100 గజాల దూరంలో, వరుసగా ఐదు గుళ్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోయేలా కాల్చడం వాళ్ల పందెం. అందుకే తూటాలు తామే నింపుకుంటారు. లూయీ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ 1970లలో రూపొందించిన 6 పీపీసీ వాళ్లకు బాగా ఇష్టమైన తూటా. దానికి వాడేది చిన్న రైఫిల్ ప్రైమర్. వ్యాసం 0.175 అంగుళాలు.

అంత చిన్నదానిలోనూ మూడు భాగాలుంటాయి: పల్చటి లోహపు గిన్నె, దాని అడుగున రాపిడికే మండే రసాయనం, పైన కాళ్లున్న బుల్లి దాగలి. రైఫిల్‌లోని ఫైరింగ్ పిన్ గిన్నెను కొడితే రసాయనం దాగలికీ గిన్నెకూ మధ్య నలిగి అంటుకుంటుంది. నిప్పు గుల్ల అడుగునున్న రంధ్రంలోంచి మందులోకి దూకుతుంది. దెబ్బ కాచుకోవాలంటే దాగలి కాళ్లు గట్టి నేలమీద ఆని ఉండాలి. ఆ నేల ప్రైమర్ గుంట అడుగే.

అందుకే నింపేముందు పాత కాల్పులకు గుంటలో పేరుకున్న మసి గీకేస్తారు. ప్రైమర్ కూర్చోబెట్టే చేతి పనిముట్టు మీట మెల్లగా నొక్కుతుంటే ముందు గుంట గోడల ఒరిపిడి తెలుస్తుంది. తర్వాత కాళ్లు అడుగును తాకిన చిన్న ఆనిక. అక్కడ ఆపితే చాలదు. ఇంకొక్క పిసరు నొక్కితే దాగలి మొన రసాయనానికి బిగువుగా ఆనుతుంది. అప్పటికి ప్రైమర్ గుల్ల అడుగుమట్టం కంటే సుమారు 0.003 నుంచి 0.005 అంగుళాలు లోపలికి దిగి ఉంటుంది. పొడవాటి మీట ఉన్న ప్రెస్‌లో బలం ఎక్కువ, స్పర్శ తక్కువ. పోటీ షూటర్లు చాలామంది చేతి పనిముట్టునే నమ్ముకునేది ఇందుకే.

ప్రైమర్ పైకి తేలితే పిన్ దెబ్బలో కొంత దాన్ని లోపలికి తోయడానికే ఖర్చయిపోతుంది. తూటా పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు. ఎం1 గారండ్ లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. వాటి ఫైరింగ్ పిన్‌ను స్ప్రింగ్ ఆపదు, బోల్ట్ మూసుకునే ఊపుకే వెళ్లి ప్రైమర్‌ను తాకుతుంది. ప్రైమర్ పైకి ఉంటే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే వీలుంది. మరీ బలంగా నొక్కితే రసాయనం బిళ్ల చిట్లవచ్చు, చేతిలోనే అంటుకోనూవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

కూర్చోబెట్టాక ప్రతి గుల్ల అడుగునా వేలికొన ఆడిస్తారు. అంచు తగలకూడదు, చిన్న పల్లం తెలియాలి. ప్రైమర్ ఒరిపిడి లేకుండా జారిపోయిందంటే గుంట సాగినట్టే. గుల్ల చూడ్డానికి ఎంత నిగనిగలాడుతున్నా పక్కన పడేస్తారు. పనివాడి నేర్పు అన్నీ కుదిర్చడంలోనే కాదు, కుదరనిదాన్ని వేలితో పట్టేయడంలోనూ ఉంది.