యెఫ్తా మ్రొక్కుబడి, యూదా పూచీ: ఒక పునఃపరిశీలన

న్యాయాధిపతులు 11వ అధ్యాయము మన ప్రసంగ వేదికలపై తరచుగా ఒకే రీతిగా వినిపిస్తుంది. యెఫ్తా మాట తప్పని విశ్వాసవీరుడు. అతని కుమార్తె తండ్రి మాటకు తల వంచిన త్యాగమూర్తి. యౌవనస్థుల కూడికలలోను, స్త్రీల సమాజములలోను ఆమెను మాదిరిగా చూపించడము పరిపాటి. మూలపాఠము ఈ వ్యాఖ్యానాన్ని సమర్థించదని మా అభిప్రాయము.

యెహోవా ఆత్మ యెఫ్తా మీదికి వచ్చినట్లు 29వ వచనము చెబుతుంది. మ్రొక్కుబడి ఆ తరువాతి మాట. దేవుడు దానిని అడిగినట్లు గాని అంగీకరించినట్లు గాని గ్రంథకర్త వ్రాయలేదు. ఆదికాండము 22లో అబ్రాహాము కత్తిని ఆపిన స్వరము ఇక్కడ వినబడదు. కుమార్తె ఎదురు వచ్చినప్పుడు యెఫ్తా బట్టలు చింపుకొని పలికిన పలుకులలో (11:35) తన వేదనే ఉన్నది. పైగా దానికి కారకురాలు ఆమె అన్నట్లు మాట్లాడతాడు. ఆమె సమ్మతించిన మాట నిజమే. కాని అది అంతా నిర్ణయమైపోయిన తరువాతి సమ్మతి. తనకంటూ ఆమె కోరుకొన్నది రెండు నెలల గడువు మాత్రమే.

ఫిలిస్ ట్రిబుల్ 1984లో ప్రచురించిన ‘టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్’ ఈ వృత్తాంతమును బాధితురాలి పక్షాన చదివింది. అది స్త్రీవాదమని త్రోసివేసేవారు, ఎన్నో శతాబ్దాల ముందే యూదా రబ్బీలు యెఫ్తాను తప్పుపట్టారని మరువరాదు. ‘బెరేషీత్ రబ్బా’ (60:3) చెప్పేదాని ప్రకారము ఫీనెహాసు ఆ మ్రొక్కుబడిని రద్దు చేయగలిగేవాడే. అయితే ప్రధానయాజకుడు తన హోదాను, అధిపతి తన హోదాను పట్టుకొని, ఒకరి యొద్దకు ఒకరు వెళ్లక బిగిసి కూర్చున్నారు. ఇద్దరి మధ్య ఆ పిల్ల బలియైపోయింది. సంఘ వివాదములు చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఆమె చంపబడలేదని, కన్యగా ఏకాంతములో జీవించిందని కిమ్హీ వంటి మధ్యయుగ వ్యాఖ్యాతలు తలంచారు. అలాగే అనుకొన్నా మూల్యము చెల్లించినది ఆమే.

అన్నిటికంటె గమనింపదగినది 12:3. ఎఫ్రాయిమీయులతో వాదిస్తూ, తన ప్రాణమును అరచేతిలో పెట్టుకొని యుద్ధానికి వెళ్లానని యెఫ్తా చెప్పుకొంటాడు. దావీదు ఫిలిష్తీయుని ఎదుర్కొన్న తెగువను గూర్చి యోనాతాను సౌలుతో వాడినది ఈ హెబ్రీ నుడికారమే (1 సమూయేలు 19:5). యెఫ్తా చెప్పినది అబద్ధము కాదు, యుద్ధములో అతడు నిజముగానే తెగించాడు. కాని కుమార్తె ప్రస్తావన ఆ మాటలలో లేదు.

దీని ప్రక్కన ఆదికాండము 42–44 అధ్యాయములు పెట్టి చదవాలి. బెన్యామీనును తిరిగి తీసుకొని రాకపోతే తన యిద్దరు కుమారులను చంపవచ్చునని రూబేను తండ్రితో అంటాడు (42:37). వినడానికి గొప్ప తెగింపే, పందెములో పెట్టినది మాత్రము పిల్లలను! యాకోబు ఒప్పుకోలేదు. యూదా తానే పూచీ ఉంటానన్నాడు (43:9), అప్పుడు పంపించాడు.

యోసేపును 20 తులముల వెండికి అమ్మించిన ఆలోచన ఈ యూదాదే. ఐగుప్తులో అతడు చేసిన విన్నపములో (44:18–34) ‘తండ్రి’ అను మాట హెబ్రీలో 14 సారులు వస్తుంది. భార్య తనకు ఇద్దరు కుమారులను కన్నదని యాకోబు అన్న మాటను సయితము అతడు యథాతథముగా చెబుతాడు (44:27). లేయా కుమారుడైన తాను ఆ ఇద్దరిలో లేడు! తనను లెక్కలోకి తీసుకోని తండ్రి కోసము, తనకంటె ఎక్కువగా ప్రేమింపబడిన తమ్మునికి బదులుగా దాసుడనౌతానంటాడు. అక్కడి ‘తహత్’ (బదులుగా) అను పదము, ఇస్సాకుకు బదులుగా పొట్టేలు అర్పింపబడిన చోట (22:13) ఉన్న పదమే.

హెబ్రీయులకు 11:32 యెఫ్తా పేరు చెబుతుంది గదా అని కొందరు అడుగుతారు. చెబుతుంది, మ్రొక్కుబడిని మాత్రము మెచ్చుకోదు. ప్రభువు తన ప్రాణమును ఎవరూ తీసికొనలేదని, తానే పెట్టుచున్నానని చెప్పిన మాట (యోహాను 10:18) యూదా పక్షాన నిలుస్తుంది.

సేవకుడు జీతము లేని సేవకు ఒప్పుకొన్నప్పుడు పిల్లల చదువు ఆగిపోతే, వేదిక మీద దానిని మన త్యాగమని చెప్పుకొంటున్నాము. ఆ నిర్ణయము జరిగిన రోజున భార్యను, పిల్లలను ఎవరైనా అడిగారా?