చుక్క కారాలా, వద్దా

రెడ్డిగూడెంలో పుట్టినవాడికి తెరచాప పడవతో ఏం పని అని మీరు అడగొచ్చు. న్యాయమే. మా మెట్టలో నీళ్లంటే చెరువు, బోరు, ఆపైన సాగర్ కాలువ ఆఖరి దాకా వస్తే వచ్చినట్టు. నేను చిన్నప్పుడు చూసిన పడవలు ముక్త్యాల రేవులోవే. వెనక కొసన నిలబడి ఒక మనిషి పెద్ద తెడ్డు పట్టుకునేవాడు, అదే చుక్కాని. అలాంటి చుక్కాని కారే ప్రశ్నే లేదు, దానికోసం పడవకు ఎక్కడా బెజ్జం పెట్టలేదు కదా.

మా అబ్బాయి పడవకు బెజ్జం ఉంది. వాడు ఉండేది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపొలిస్ దగ్గర. తనూ ఒక స్నేహితుడూ చెరిసగం వేసుకుని ఒక పాత తెరచాప పడవ కొన్నారు. ముప్పై అడుగులు, ఫైబర్‌గ్లాసు, వయసు నలభై. షికారుకెళ్లి వచ్చినప్పుడల్లా అడుగున రెండు బక్కెట్ల నీళ్లు. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి వాడు తీర్పు కూడా చెప్పేశాడు. "చుక్కాని దగ్గరే నాన్నా, ఇంకెక్కడ్నుంచి వస్తాయి?"

మామిడి తోటలో ఆయిల్ ఇంజను నడిచే రోజుల్లో నేనూ ఇంతే. నీళ్లు ఎక్కకపోతే చాలు, ఫుట్‌వాల్వు పోయిందనేవాణ్ణి. మా నాన్న మాత్రం ఎక్కడ పోయిందని అడిగేవాడు కాదు. "ఎప్పుడు పోతోందిరా?" అనేవాడు. ఇంజను ఆగాక నీరు దిగిపోతోందా, నడుస్తుండగా గాలి పీలుస్తోందా? జవాబును బట్టి వెతకాల్సిన చోటు మారిపోయేది.

అదే ప్రశ్న కొడుకును అడిగాను. రేవులో కట్టేసి ఉన్నప్పుడు? పొడి. వాన పడ్డప్పుడు? పొడి. నెమ్మదిగా తెరచాప మీద పోతే? కొంచెం. ఇంజను వేసి గట్టిగా తోలితే? అప్పుడే ఎక్కువ.

ఈ పడవకు చుక్కాని పలక అడుగున, నీళ్లలో ఉంటుంది. దాని ఇరుసు పడవ అడుగును చీల్చుకుని ఒక గొట్టం గుండా పైకొస్తుంది. ఆ గొట్టం పైకొస నీటిమట్టానికి బాగా ఎత్తులో ఉంటే ఏ అడ్డూ అక్కర్లేదు. మావాడి పడవలో అది మట్టానికి బెత్తెడు పైన ఉంది, నీరు లోపలికి రాకుండా అక్కడొక గ్లాండు బిగించారు. కట్టేసినప్పుడు నీరు అంత ఎత్తు రాదు. ఇంజను జోరందుకుంటే పడవ వెనక భాగం కిందికి కుంగుతుంది, నీరు గొట్టంలో ఎక్కి గ్లాండును తోస్తుంది. రేవులో వంద సార్లు టార్చి వేసి చూసినా ఏమీ కనపడదు.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. నీళ్లు నాలుక మీద వేసుకుని చూడు, ఉప్పగా ఉంటే సముద్రం, చప్పగా ఉంటే తాగునీటి ట్యాంకు అన్నాడొక పెద్దాయన. చూశాను. చెసపీక్ అఖాతం అక్కడ ఉప్పూ కాదు చప్పా కాదు, మజ్జిగలో ఉప్పు మరిచిపోయి చివర్లో చిటికెడు వేసినట్టుంది. నా నాలుక ఏమీ తేల్చలేదు. చివరికి మా ఆవిడ పౌడరు డబ్బా తీసుకెళ్లి, అడుగంతా గుడ్డతో తుడిచి, గ్లాండు చుట్టూ, ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ, ప్రతి గొట్టం అతుకు కిందా చల్లాను. వాడు ఇంజను తోలుతుంటే నేను వెనక అరలో మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకున్నాను. పావుగంటకి పౌడరు మీద రెండు చారలు. ఒకటి గ్లాండు నుంచి. రెండోది పైన కూర్చునే చోటి నీళ్లు బయటికి పోయే గొట్టం నుంచి, తుప్పు పట్టిన క్లిప్పు కింద. చుక్కానిని ఒక్కదాన్నే దొంగను చేసి ఉంటే రెండో దొంగ హాయిగా ఇంట్లోనే ఉండేవాడు.

గ్లాండు విప్పాక నాకు పుట్టింటికొచ్చినట్టయింది. పంపుసెట్టులో ఉండేదే, మైనం పట్టించిన చదరపు తాడు. పాతది ఎండి కట్టెయ్యింది. తాడును ఇరుసు చుట్టూ చుట్టి, వాలుగా కోసి, మూడు రింగులు చేశాను. అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా మూడు దిక్కులకు తిప్పి కూర్చోబెట్టాను. నట్టు బిగిస్తూ అలవాటు ప్రకారం ఒక చుక్క కారేటట్టు వదిలాను. పంపులో షాఫ్టు గిర్రున తిరుగుతుంది, ఆ చుక్కే తాడును చల్లగా ఉంచుతుంది. పూర్తిగా బిగిస్తే పొగే. మావాడు చూసి, "ఇది కారకూడదు నాన్నా" అన్నాడు. "నాకు నేర్పుతావా" అని కసిరాను గానీ వాడిదే నిజం. చుక్కాని ఇరుసు తిరిగేది ఇటు కాస్తా అటు కాస్తా. అక్కడ వేడి పుట్టదు, చుక్క అక్కర్లేదు. పక్కనే ఉన్న ప్రొపెల్లర్ షాఫ్టుకు మాత్రం మన పంపు న్యాయమే. జానెడు దూరంలో రెండు గ్లాండ్లు, రెండు ధర్మాలు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. పడవను ఒడ్డుకెక్కించి, చుక్కాని పలక కింది కొస పట్టుకుని ఊపితే టకటకమంది. బుష్షులు అరిగాయి. ఇరుసు ఊగుతుంటే ఎంత కొత్త తాడు వేసినా నాలుగు నెలలు నిలవదు. పంపులో బేరింగు పోయాక గ్లాండు మార్చడం లాంటిదే.

సముద్రం మీద చుక్కాని మొరాయిస్తే ఏమవుతుందో ఆ రాత్రి ఆలోచించాను. నేవీ మహిళా అధికారులు ఆరుగురు తారిణి అనే తెరచాప నౌకలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, 254 రోజులకు, 2018 మే 21న భూమి చుట్టి తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మనవాళ్లు, విశాఖ స్వాతి, హైదరాబాద్ బొడ్డపాటి ఐశ్వర్య. కేప్ హార్న్ దాటొచ్చిన నౌక, ఇల్లు దగ్గర పడ్డాక ఏప్రిల్‌లో స్టీరింగ్ లోపంతో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. అప్పటికి దాని వయసు ఏడాది పైచిలుకు. నలభై ఏళ్లది ఎన్నిసార్లు ఆగాలి మరి!

మర్నాడు పలకను చెక్క సుత్తితో తట్టుకుంటూ పోయాను, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టు. పైన ఖణేల్‌మంది, కింద మొద్దుగా పలికింది. పలక లోపల నురుగు దిమ్మ, దాని మధ్య స్టీలు ఇరుసుకు వెల్డు చేసిన రెక్కలు ఉంటాయి. ఇరుసు పలకలోకి దిగే చోట సీలు విడితే నీరు దిగుతుంది, దిగినది బయటికి రాదు. చలికాలంలో గడ్డకట్టి పలకను చీలుస్తుంది. అంతకన్నా చెడ్డది ఇంకోటి. తుప్పు పట్టని స్టీలు అంటాం గానీ దాని పైపొర నిలవాలంటే గాలి తగులుతుండాలి. గాలాడని తడిలో అది గుంటలు గుంటలుగా తినేసుకుంటుంది. కింది కొసన డ్రిల్లుతో చిన్న బెజ్జం పెట్టాం. బెల్లం పానకం రంగు నీళ్లు దిగాయి.

ఎండిపోనిచ్చి, లోపల వెల్డింగు గట్టిగా ఉందని తేలితే ఎపాక్సీ నింపి పైసీలు మార్చాలి; తేలకపోతే పలక కోసి చూడాలి. మూడో రోజుకీ ఆ బెజ్జం కింద పెట్టిన డబ్బా నిండుతూనే ఉంది. నాలుగో రోజు నా విమానం. గన్నవరంలో దిగి ఫోను వేసేసరికి మావాడి మెసేజీ వచ్చి ఉంది: "ఇంకా కారుతోంది నాన్నా. ఎప్పుడు అని అడక్కు, ఎప్పుడూనే."